నాటిక చేతులు మారాక: నా అనుభవం

కథ రాస్తే పత్రికకు పంపుతాం. ఒకరు వద్దంటే ఇంకో పత్రిక ఉంటుంది. నాటిక రాసినవాళ్లు దాన్ని ఎవరికి ఇవ్వాలి, ఇచ్చాక ఏమవుతుంది అన్నది మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. అలాగని విశాఖపట్నంలో నాటకాలు ఆడేవాళ్లకు కరువేమీ లేదు. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో డ్యూటీ దిగి, ఇంటికి వెళ్లకుండా రిహార్సల్‌కు వెళ్లేవాళ్లు ప్రతి పేటలోనూ ఉన్నారు. నా నాటిక ‘వేట విరామం’ 2023 నుంచి రకరకాల చేతుల్లో పడింది. ఒక ఔత్సాహిక నాటక సమాజం ఆడింది, ఒక అపార్టుమెంటు మహిళలు ఆడారు, నన్ను అడగకుండానే వేరే జిల్లా వాళ్లు ఆడేశారు. ఎక్కడ ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చిందో, ఎంత ఖర్చయిందో, ఏమేం ఊడిపోయాయో గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

నేను పోస్టాఫీసులో పని చేస్తాను. కౌంటరు అవతల నిలబడేవాళ్లలో చాలామంది ఫిషింగ్ హార్బర్ మీద బతికేవాళ్లే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మర పడవలతో సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ మా దగ్గర డబ్బు కట్టేవాళ్లు తగ్గి, తీసుకునేవాళ్లు పెరుగుతారు. 2022 వేసవిలో ఆ ముఖాలు చూస్తూ చూస్తూ రాసిన నాటిక ఇది. ఎండుచేపలు అమ్మే పోలమ్మ, బోటు మీద కలాసీగా వెళ్లే కొడుకు, కోడలు, నర్సింగ్ చదువుతానని పట్టుబట్టే కూతురు, అప్పు ఇప్పించే దళారి, పొరుగింటి ముసలాయన, బోటు యజమాని. మొత్తం ఏడు పాత్రలు. మనుషులు ఎక్కువైతే కథ నిండుగా ఉంటుందని కథలు రాసే అలవాటు చెప్పింది. నాటకాల లెక్క వేరని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది నవంబరులో ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో ఒక పుస్తకావిష్కరణకు వెళ్లినప్పుడు, గాజువాక వైపు సమాజం నడిపే ఒక దర్శకుడు పరిచయమయ్యారు. ఆయనను అందరూ గురువుగారు అంటారు కనుక నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను. మర్నాడే స్క్రిప్టు పంపాను. “చదివి చెబుతాను మేడంగారూ” అన్నారు. డిసెంబరు గడిచింది. సంక్రాంతి గడిచింది. కొత్తగా రాసేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి: ఈ నిశ్శబ్దానికి నచ్చలేదని అర్థం కాదు. ఆయన ఆ రెండున్నర నెలలూ వేరే నాటిక పట్టుకుని, నాటక పోటీలు పెట్టే పరిషత్తుల చుట్టూ తిరుగుతున్నారు. పరిషత్తుల కాలంలో వాళ్లకు ఊపిరి సలపదు. నేనేమో ఈలోగా ఆయనకు నచ్చలేదని తేల్చుకుని, ఆ నాటికను నవలిక చేద్దామా అని కూడా ఆలోచించాను.

జనవరి ఆఖరు ఆదివారం గాజువాకలో ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద స్క్రిప్టు పఠనం పెట్టారు. నేను చదువుతుంటే పదిమంది, పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని, విన్నారు. ఒకచోట ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు గాల్లో తేలినట్టు అయింది. చదవడం ముగిశాక గురువుగారు ఫోనులో టైమరు ఆపి నాకు చూపించారు. గంటా ఇరవై రెండు నిమిషాలు. “చాలా బాగుంది. గంటలో దించాలి” అన్నారు.

మేము దరఖాస్తు చేయబోయే పరిషత్తుల్లో నాటిక గంట దాటకూడదు. దాటితే మార్కులు పోతాయి. పైగా చదివినప్పుడు పట్టే సమయం, ఆడినప్పుడు పట్టే సమయం ఒకటి కాదు. పాత్ర లోపలికి రావాలి, చెంబు అందుకోవాలి, నీళ్లు తాగాలి, అప్పుడు మాట్లాడాలి. అంటే చదవడానికి నలభై, నలభై అయిదు నిమిషాలే పట్టాలి. సగానికి సగం తెగింది. ఇది ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది కానీ, తెగినవాటిలో చాలా భాగం నిజంగానే పోవలసిన సరుకు. నటుడు తల తిప్పి చూసి చెప్పగలిగేదాన్ని నేను అయిదు వాక్యాల్లో రాసి ఉంచాను.

తలకాయల లెక్క మాత్రం వేరు. ఏడు పాత్రలంటే ఏడు రైలు టికెట్లు, ఏడు భోజనాలు, రెండు గదులు. బోటు యజమాని పోయాడు, అతని మాటలు దళారికి వచ్చాయి. అంతవరకు పరవాలేదు. ఆ తర్వాత ఆడ పాత్రల దగ్గరకు వచ్చారు. ఔత్సాహిక సమాజాల్లో మగవాళ్లు సొంత డబ్బు పెట్టుకుని ఆడతారు. నటీమణులు చాలావరకు ఇదే వృత్తిగా ఉన్నవాళ్లు, వేరే ఊళ్ల నుంచి వస్తారు. ఒక్కొక్కరు నాలుగైదు సమాజాల్లో ఆడుతుంటారు కనుక ముందు వాళ్ల తేదీలు దొరకాలి. మాకు వచ్చినావిడకు ప్రదర్శనకు ఆరు వేలు, ప్రయాణం ఖర్చులు అదనం. న్యాయమైన డబ్బే అది, రాత్రంతా మేలుకుని, తెల్లవారి ఇంకో ఊరికి రైలెక్కే మనిషికి. కానీ ముగ్గురిని భరించే శక్తి సమాజానికి లేదు. కూతురి పాత్ర స్టేజీ మీద నుంచి దిగిపోయి ఫోనులో గొంతుగా మిగిలింది. “కనిపించని పాత్రకు బలం ఎక్కువ మేడంగారూ” అని గురువుగారు సర్దిచెప్పబోయారు. నాకు ఇది రుచించలేదు. ఆ పిల్ల కోసమే నాటిక మొదలుపెట్టాను.

మూడో బేరం అసలు ఊహించనిది. “మన నాటికలో ప్రతినాయకుడు లేడు” అన్నారు ఒక సాయంత్రం. ఎందుకు ఉండాలి అన్నాను. ఉత్తమ ప్రతినాయకుడికి విడిగా బహుమతి ఉంటుందట. హాస్యనటుడికి ఒకటి, క్యారెక్టర్ నటుడికి ఒకటి ఉన్నట్టే. ఒక పాత్ర లేకపోతే ఒక షీల్డుకు అవకాశం ముందే పోయినట్టు. “ఇందులో కష్టం నిషేధం వల్ల వచ్చింది, మనిషి వల్ల కాదు” అని వాదించాను. “నిషేధం వచ్చి షీల్డు తీసుకోదు కదా” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండు రోజులు ఆలోచించి దళారికి ఒక గట్టి సన్నివేశం నేనే రాసి ఇచ్చాను. వాళ్లు రాసుకుంటే మీసం తిప్పించేవారు. నేను రాస్తే కనీసం అతని వెనక కూడా ఒక అప్పు ఉందని తెలుస్తుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రిహార్సల్స్. ఏ రోజు ఉంటుందో నిర్ణయించేది దర్శకుడు కాదు, స్టీల్‌ప్లాంటు షిఫ్టు చార్టు. కొడుకు పాత్రధారి బీ షిఫ్టులో ఉంటే దళారి సీ షిఫ్టులో ఉంటాడు. అందరూ పొద్దుటి ‘ఏ’ షిఫ్టులో పడ్డ వారం పండగ. రాత్రి ఏడున్నరకు మొదలై పది దాటేది. గోపాలపట్నంలో మా ఇంటికి చేరాలంటే ఎన్‌ఏడీ జంక్షన్ దాకా బస్సు, అక్కడికి మావారి స్కూటరు. బస్సు పోతే ఆటోకు మూడు వందలు. రచయిత వచ్చిన రోజున టీ, పకోడీల ఖర్చు రచయితదే అన్న సంప్రదాయం కూడా ఒకటి ఉంది. దాన్ని ఎవరూ నోటితో చెప్పరు, అందరూ మనవైపు చూస్తారంతే.

పోలమ్మగా వేసే ఆవిడ ప్రదర్శనకు రెండు రోజుల ముందు గానీ రాలేదు. అప్పటిదాకా ఆమె మాటలను సమాజం కార్యదర్శి చదివేవాడు, బొంగురు గొంతుతో, బీడీ ఆర్పుకుంటూ. నా పోలమ్మ నా కలలోకి కూడా అదే గొంతుతో వచ్చేది. తీరా ఆవిడ రాజమండ్రి నుంచి రైలెక్కి దువ్వాడలో దిగి, నేరుగా రిహార్సల్‌కు వచ్చి, చేతిలో కాగితం లేకుండా మొదటి సన్నివేశం చేసేసరికి అందరం బెంచీల మీద సర్దుకుని కూర్చున్నాం. గురువుగారు మాటలు చదివి వాట్సాప్‌లో ఆడియో పంపిస్తే వంట చేసుకుంటూ విని నేర్చుకున్నారట. చిక్కల్లా యాసతోనే. నేను రాసింది మా ఉత్తరాంధ్ర మాట, ఆవిడ నోట పలికేది గోదావరి. ఆ రాత్రి ఆవిడ గదిలో కూర్చుని మాటమాటా పలికి వినిపించాను. మర్నాటికి మూడొంతులు పట్టేశారు. మిగిలిన వంతు పట్టుకోవడానికి హార్బర్ దగ్గర ఎండుచేపల బేరానికి తీసుకెళ్లమన్నారు. తెల్లవారుజామున వెళ్లాం. ఆవిడ ఒక్క చేపా కొనలేదు, ఒక గంటసేపు అందరితోనూ బేరమాడారు.

మొదటి ప్రదర్శన 2023 మే నెలలో, పిఠాపురం కాలనీలోని కళాభారతి ఆడిటోరియంలో జరిగిన పోటీలో. ఆ సాయంత్రం మూడు నాటికల్లో మాది ఆఖరిది. ఎనిమిదిన్నర అన్నారు. సన్మానాలు, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి పది దాటింది. చుట్టాలందరికీ ఎనిమిదిన్నర అని చెప్పి పిలిచాను. మా ఆడపడుచు తొమ్మిదిన్నరకు “పిల్లలకు నిద్ర వస్తోంది వదినా” అని లేచి వెళ్లిపోయింది. మీ బంధువులను పిలిచేటప్పుడు చెప్పిన వేళకు గంటన్నర కలిపి చెప్పండి. తెర లేచే వేళకు హాల్లో మిగిలేది మిగతా సమాజాల నటులు, వాళ్ల ఇళ్లవాళ్లు, ఏళ్ల తరబడి ఒక్క నాటకమూ వదలని కొందరు పెద్దలు. సంఖ్య తక్కువైనా వాళ్ల కన్ను తప్పించుకోవడం కష్టం.

రిహార్సల్స్‌లో నన్ను విసిగించిన విషయం ఒకటి ఉంది. ఇంట్లో మనుషులు ఒకరివైపు ఒకరు తిరిగి మాట్లాడుకుంటారు కదా, వీళ్లేమో వరుసగా నిలబడి ముందుకు చూసి మాట్లాడతారేమిటి అని. కళాభారతిలో ఆఖరి వరుసకు వెళ్లి కూర్చున్నాక అర్థమైంది. మైకులు పైనుంచి వేలాడుతుంటాయి. నటుడు పక్కకు తిరిగి నాలుగడుగులు వెనక్కి వేస్తే గొంతు సగం గాలిలో కలిసిపోతుంది. నేను ఎంతో మురిసి రాసుకున్న ఒక మాట, కోడలు పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి అనేది, అలాగే ఎవరికీ వినబడకుండా పోయింది. ఇప్పుడు ముఖ్యమైన మాట రాసేటప్పుడు ఆ పాత్ర ఎక్కడ నిలబడి ఉంటుందో కూడా చూసుకుంటున్నాను.

చీకట్లో కూర్చుని సొంత మాటలు వేరేవాళ్ల నోట వినడం ఎలా ఉంటుందని అడుగుతారు. మొదటి పావుగంట నాకు ఏమీ వినబడలేదు, చేతులు చల్లబడ్డాయి. నేను నవ్వుతారనుకున్నచోట హాలు మౌనంగా ఉంది. పోలమ్మ నోట్లు లెక్కపెట్టి, బియ్యం డబ్బాలో దాచి, మళ్లీ తీసి లెక్కపెట్టినప్పుడు, ఒక్క మాట కూడా లేని ఆ చోట, హాలంతా నవ్వింది. అది నేను రాసింది కాదు. స్క్రిప్టులో ‘డబ్బు దాస్తుంది’ అన్న రెండు మాటలే ఉన్నాయి.

ఆఖరి రోజు ఫలితాలు అర్ధరాత్రి ప్రకటించారు. దళారికి ఉత్తమ ప్రతినాయకుడు వచ్చింది. గురువుగారు నావైపు తిరిగి ఏమీ అనలేదు, కళ్లద్దాలు తుడుచుకున్నారు. రచనకు నాకు ద్వితీయ బహుమతి. “రచయితగారు ఎక్కడున్నా వేదిక మీదకు రావాలి, ఆయనకు మన అభినందనలు” అని మైకులో పిలిచారు. నేను మెట్లెక్కుతుంటే, రచయిత రాలేక భార్యను పంపాడనుకున్నట్టున్నారు, “వారు రాలేదా అమ్మా?” అని అడిగారు. షీల్డు, శాలువా, కవరులో వెయ్యి నూట పదహారు రూపాయలు.

ఆ తర్వాత గుంటూరు వైపు ఒక పరిషత్తుకు దరఖాస్తు పెట్టాం. స్క్రిప్టు ప్రతులు, పూర్తి ప్రదర్శన వీడియో, రచయిత అనుమతి పత్రం అడిగారు. సెప్టెంబరులో పంపితే, ఎంపికైనట్టు నవంబరు మొదట్లో కబురు వచ్చింది. ప్రదర్శన డిసెంబరు మొదటి వారం. ఈలోగా నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. మర్నాడు ఉదయం గురువుగారు ఫోన్ చేశారు. చివరి సన్నివేశంలో బోటు తగలబడినట్టు పెడితే నాటిక ఎక్కడికో వెళ్లిపోతుందన్నారు. ఆయన మాటలో దురాశ లేదు, నాటకం మనిషి అలాగే ఆలోచిస్తాడు. నేను ఆ వేళకు కౌంటరులో ఉన్నాను. ఎదురుగా నిలబడ్డావిడ బోటు కాలిపోయిన ఇంటి మనిషి, పాస్‌బుక్కు కూడా బోటులోనే ఉండిపోయిందని చెబుతోంది. నా వల్ల కాదన్నాను. ఆయన రెండోసారి అడగలేదు.

డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పరిషత్తు వాయిదా పడింది. వేట ఆగిపోయిన కథకు ప్రదర్శన కూడా తుపానుకు ఆగిపోవడం చూసి మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే వాయిదా అంటే నటీమణి తేదీలు పోవడం. కొత్త తేదీ జనవరిలో పడింది. రాజమండ్రి ఆవిడ అప్పటికి వేరే సమాజానికి మాట ఇచ్చేశారు. విజయవాడ నుంచి ఇంకొకరు వచ్చారు, వయసులో చిన్నవారు. తలకు తెల్ల విగ్గు పెట్టినా నడకలో వయసు రాలేదు. అయినా అక్కడ జనం చూసి నాకు గుండె నిండిపోయింది. హైస్కూలు మైదానంలో పందిరి, చలి, రాత్రి పదకొండున్నర. శాలువాలు కప్పుకుని, పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని వందల మంది కూర్చున్నారు. మా నగరంలో హాలు నింపలేకపోతున్నాం, అక్కడ పల్లెలో కుర్చీలు చాలక జనం గోడల మీద ఎక్కారు. బహుమతులేవీ రాలేదు.

లెక్కలు కూడా చెప్పాలి. పరిషత్తు సమాజానికి ఇచ్చిన పారితోషికం ఇరవై వేలు. సెట్టు సామాను వేసుకెళ్లిన వ్యానుకే పద్నాలుగు వేలయింది. నటీమణులు, మేకప్, లైట్లు, సంగీతం, భోజనాలు కలిపి మొత్తం నలభై వేలకు దగ్గరగా తేలింది. తేడా అంతా సమాజం వాళ్లు తలా కొంత వేసుకున్నారు. తిరుగు ప్రయాణంలో తుని దాటాక కార్యదర్శి మొహమాటపడుతూ కాగితం నా చేతికిచ్చాడు. రచయిత వేసుకోవాల్సిన వాటా అయిదు వేలు. రచయితకు డబ్బు ఇస్తారా అని అడిగే కొత్తవాళ్లకు ఇదే నా జవాబు.

2024 ఉగాది ముందు ఎంవీపీ కాలనీలో ఒక అపార్టుమెంటు మహిళలు ఫోన్ చేశారు. ఇరవై నిమిషాలే ఉండాలి, మగవాళ్లు వద్దు, “పండగ పూట ఏడిపించకండి” అన్నారు. ఆడవాళ్లు కూర్చుని అప్పుల లెక్క చూసుకునే సన్నివేశం ఒక్కటి తీసి, దాన్నే పెంచి ఇచ్చాను. ఏప్రిల్ 9 సాయంత్రం, సెల్లారులో, షామియానా కింద. ఉన్నది ఒకటే మైకు, చేతిలో పట్టుకునేది. ఎవరు మాట్లాడాలంటే వాళ్ల చేతికి అది రావాలి. కాబట్టి ఆ నాటికలో ఎవరూ ఎవరి మాటకూ అడ్డు రాలేదు. అంత మర్యాదగా అప్పుల గురించి మాట్లాడుకునే కుటుంబం లోకంలో ఉండదు. పోలమ్మగా వేసినావిడ రిటైరైన బ్యాంకు అధికారి. మధ్యలో మాట మరిచిపోయి, తడుముకుని, “అప్పు తీసుకునేటప్పుడు నన్ను అమ్మా అన్నారు, కట్టేటప్పుడు ఏమే అంటున్నారు” అనేశారు. షామియానా ఎగిరిపోయేటంత నవ్వారు. ఆవిడ అనుమతి తీసుకుని ఆ మాటను అసలు స్క్రిప్టులో చేర్చుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఒక్క రూపాయి ఖర్చు కానిది ఈ ప్రదర్శనే. తాంబూలంలో చీర కూడా పెట్టారు.

అదే ఏడాది ఆగస్టులో మా అబ్బాయి ఫోనులో ఒక వీడియో చూపించాడు. వేరే జిల్లాలో ఎవరో నా నాటిక ఆడుతున్నారు. పేరు మారింది. రచన అన్నచోట ‘సేకరణ’ అని ఉంది. బియ్యం డబ్బా దగ్గర నవ్వు కూడా అలాగే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపం ఒకవైపు, వాళ్ల కొడుకు పాత్రధారి మావాడికంటే బాగా చేశాడన్న ఉడుకుమోతుతనం ఇంకోవైపు.

తెలిసిన లాయరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన చెప్పింది విని నోట మాట రాలేదు. 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఔత్సాహిక సంఘం టికెట్టు లేకుండా ఉచితంగా ప్రేక్షకులకు నాటకం ఆడితే అది హక్కుల ఉల్లంఘన కిందకు రాదట. మన పరిషత్తు నాటకాలన్నీ దాదాపు ఉచితమే. మరి ఇన్నాళ్లూ నేను సంతకాలు పెట్టి ఇచ్చిన అనుమతి పత్రాలేమిటి అని అడిగాను. “అవి పరిషత్తుల నియమం, మంచి సంప్రదాయం. కానీ మీ చేతిలో ఉన్న బలం 57వ సెక్షన్” అన్నారు. అందులో రెండున్నాయి: ఇది నా రచన అని చెప్పుకునే హక్కు, నా పేరుకు మచ్చ తెచ్చేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. పైగా ఆ మినహాయింపు ప్రదర్శనకే గానీ, దాన్ని వీడియో తీసి లోకమంతా చూసేలా పెట్టడానికి వర్తించదని ఆయన అభిప్రాయం. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మనది. అయినా రుజువుగా పనికొస్తుందంటే సెప్టెంబరులో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాను. నాటికకు రుసుము 500 రూపాయలు. దరఖాస్తుకు గుర్తుగా డైరీ నంబరు వెంటనే వస్తుంది. ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగి, ఆ తర్వాత పరిశీలనకు తీసుకుంటారు. నా చేతికి సర్టిఫికెట్ వచ్చేసరికి మరుసటి ఏడాది ఏప్రిల్ అయింది.

ఆ బృందానికి నోటీసు పంపలేదు, ఫోన్ చేశాను. ఎత్తినాయన డెబ్బై దాటిన మనిషి. “అమ్మా, ఎవరో పీడీఎఫ్ పంపారు. మొదటి పేజీ లేదు. పేరు కోసం చాలా మందిని అడిగాను, ఎవరూ చెప్పలేదు” అన్నారు. నమ్మాను. వారంలో వీడియో కింద నా పేరు వచ్చింది, తర్వాతి ప్రదర్శనలో మైకులో కూడా చెప్పారట, “శ్రీమతి” అనే. అప్పటి నుంచి నా స్క్రిప్టులో ప్రతి పేజీ కింద నాటిక పేరు, నా పేరు, ఫోన్ నంబరు ఉంటున్నాయి. మొదటి పేజీలు దారిలో రాలిపోతాయి.

2025లో వేట నిషేధం నడుస్తున్న మే నెలలో, మా కౌంటరుకు వచ్చే ఒకావిడ మాట మీద, వాళ్ల కాలనీ రామాలయం ముందు గాజువాక సమాజం మళ్లీ ఆడింది. పోటీ లేదు, గడియారం లేదు, షీల్డు లేదు. రాజమండ్రి ఆవిడ ప్రయాణం ఖర్చులు మాత్రం తీసుకుని వచ్చారు. నాకు మాత్రం కళాభారతిలో కంటే ఎక్కువ భయం వేసింది. వాళ్ల ఇళ్ల కథను వాళ్ల ముందే పెట్టడం అంటే మాటలు కాదు.

ముసలాయన పాత్ర “ప్రభుత్వం ఇచ్చే పదివేలు ఏ మూలకు?” అనగానే ముందు వరుస నుంచి “ఇరవై! ఇరవై!” అని అరిచారు. నిజమే, వేట నిషేధ కాలానికి ఇచ్చే ఆ భృతిని ఏప్రిల్‌లోనే ఇరవై వేలకు పెంచారు. 2022లో రాసిన మాట స్క్రిప్టులో అలాగే ఉండిపోయింది. ముసలాయన నోరు తెరిచి నిలబడిపోయాడు. పోలమ్మ చేట కింద పెట్టి, నడుం మీద చేయి వేసుకుని, “ఇరవై అని నీకెవరు చెప్పారు? నా చేతికి వచ్చేసరికి పదే మిగిలింది” అంది. దళారి వైపు చూసి మరీ అంది. ఆ కేక, ఆ ఈలలు నేను ఏ హాల్లోనూ వినలేదు.

నాటిక అయ్యాక తప్పులు చెప్పడానికి వచ్చినవాళ్లతో మేకప్ గది నిండిపోయింది. మేకప్ గది అంటే గుడి పక్క వంటపాక. ఎండుచేప అలాంటి బుట్టలో పెట్టరని ఒకావిడ, నిషేధంలో కలాసీ ఖాళీగా కూర్చోడు, వలలు బాగు చేసుకుంటాడు, బోటుకు రంగులు వేస్తాడు అని ఇంకొకాయన. ఇంటర్ చదివే ఒక అమ్మాయి అందరూ వెళ్లేదాకా ఆగి, “ఆ కూతురు ఎందుకు కనబడదండీ? గొడవంతా ఆమె గురించే కదా?” అని అడిగింది. ఖర్చు కోసం తీసేశామని ఆ పిల్లకు చెప్పలేకపోయాను. గురువుగారు పక్కనే విగ్గులు సర్దుతున్నారు. ఆయన కూడా కనిపించని పాత్రకు బలం ఎక్కువ అని అనలేదు.

జూన్, జూలై నెలల్లో కూర్చుని కూతురిని మళ్లీ ఇంట్లోకి తెచ్చాను. గంట దాటకుండా ఉండాలంటే ముసలాయనను పంపించేయాల్సి వచ్చింది. ఆయన మాటల్లో మంచివి పోలమ్మకు, ఒకటి రెండు కూతురికి ఇచ్చాను. ఇరవై వేల జవాబు, పోలమ్మ ఆ రాత్రి అన్నట్టే, స్క్రిప్టులో ఉంది. ఇప్పుడు నా అనుమతి పత్రంలో మూడు షరతులు రాస్తున్నాను: పోస్టరు మీద, మైకులో నా పేరు చెప్పాలి, నాటిక పేరు మార్చకూడదు, కూతురి పాత్ర స్టేజీ మీదే ఉండాలి. మిగతా కత్తిరింపులకు నాతో ఒక్క మాట చెబితే చాలు.

గురువుగారు పత్రం రెండుసార్లు చదివారు. “ఇంకో ఆర్టిస్టు అంటే ప్రదర్శనకు ఇంకో ఆరు వేలు. ఎవరిస్తారు మేడంగారూ?” అన్నారు. సగం నేనిస్తానన్నాను. సగానికి సమాజం ఒప్పుకోవాలి, కార్యదర్శి ఇంకా గునుస్తున్నాడు. విజయనగరంలో డిగ్రీ చదువుతూ కాలేజీ నాటకాల్లో వేసే ఒక అమ్మాయి ఉందట. వాళ్ల నాన్నగారు రాత్రి రిహార్సల్స్‌కు పంపడానికి వెనకాడుతున్నారు. ఆడమనిషిని నేను వెంట ఉంటే ఒప్పుకోవచ్చని, వచ్చే ఆదివారం నన్ను కూడా రమ్మన్నారు.